బావి ఎన్ని బారలు

ఇంతకుముందు ఏదీ రాసి ఎరగని మనిషి రాస్తున్నది ఇది. చదివింది అయిదో తరగతి. రాసిందల్లా ఉప్పు, చింతపండు, అగ్గిపెట్టె అని అంగడికి పంపే చీటీలే. గురుపూజకు అచ్చువేసే చిన్న పుస్తకంలో ఈరమ్మవ్వ గురించి తలా నాలుగు మాటలు రాసివ్వమన్నారు. తప్పించుకుందామని చూసింది. కుదరలేదు. ‘నేను’ అని మొదలుపెడితే చెయ్యి కదల్లేదు. అందుకని సుంకమ్మ అని పేరుపెట్టి, ఎవరి సంగతో అయినట్టు రాస్తోంది. ఆ సుంకమ్మ ఎవరో మఠంలో అందరికీ తెలుసు. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

సుంకమ్మకు ఆ వేసవి కుదురు లేకుండా పోయింది.

రాళ్లగుట్ట కింద ఈరమ్మవ్వ మఠమంటే పెద్ద మఠమేం కాదు. రెండు రేకుల గదులు, ఒక వంటిల్లు, ముద్దయ్య తాత సమాధి, చుట్టూ నాలుగెకరాల ఎర్రనేల, ఒక బావి. ఉండేది ఏడుగురు. ముద్దయ్య తాత అవ్వకు గురువు. మఠం కట్టింది, బావి తవ్వించింది ఆయనే. సుంకమ్మ వచ్చేనాటికి ఆయన సమాధి అయ్యి చాలా ఏళ్లయింది. ఆమె ఆయన్ని చూడలేదు. ఆయనకు ఫోటో కూడా లేదు.

సుంకమ్మది వంటిల్లు, బావి. పదహారేళ్లుగా ఆ రెండూ ఆమెవే.

ఆ బావికి ఒక ఆచారం ఉంది. ఉగాదినాడు పచ్చడి నోట్లో వేసుకోకముందే దాన్ని కొలవాలి. చేంతాడు వదిలి, బొక్కెన నీళ్లను తాకగానే గట్టు దగ్గర తాడుకు ముడివేస్తారు. పైకి లాగి, రెండు చేతులూ బారచాపి కొలుస్తారు. ఈ చేతి వేళ్లకొస నుంచి ఆ చేతి వేళ్లకొస దాకా ఒక బార. ముడి దాకా ఎన్ని బారలొస్తే గట్టురాతి మీద అన్ని గాట్లు కొడతారు. ఏడాదికొక వరస.

పదహారేళ్లుగా సుంకమ్మ ఎనిమిది గాట్లు కొడుతూనే ఉంది. ఒకోసారి ఒక బెత్తెడు ఎక్కువ, ఒకోసారి బెత్తెడు తక్కువ. కొట్టి, ఉలి కడిగి లోపల పెట్టేది. పైవరసల్లో ఎన్ని గాట్లున్నాయో ఏనాడూ ఎంచలేదు. ఎంచాల్సిన పనేం పడింది?

పని ఆ ఏడు పడింది.

పాత చేంతాడు పీచు లేస్తోందని, కొత్తది కొందామని టౌనుకు పోయింది. బడి ఆవరణలో మైకు మోగుతోంది. పట్నం నుంచి ఎవరో పెద్దమనిషి వచ్చాడట. ఎండకు నీడ దొరికిందని సుంకమ్మ వెనక వరసలో కూర్చుంది. ఆ పెద్దమనిషి గోడకు ఒక గుడ్డ వేలాడదీశాడు. దాని మీద రెండు గీతలు. పైకి పోయే ఎర్రగీత మనుషులు. కిందికి దిగే నీలంగీత నీళ్లు. రెండూ కలిసేచోట ఒక నల్లచుక్క.

“ఇక్కడికి తొమ్మిదేళ్లే ఉన్నాయి,” అన్నాడాయన, కర్ర చుక్క మీద పెట్టి. “ఆ తరువాత ఈ సీమలో గుక్కెడు నీళ్లుండవు. ఇంకొక్క మనిషికి కూడా చోటు లేదమ్మా. పుట్టబోయే ప్రతి బిడ్డా ఉన్న బిడ్డ నోటి దగ్గర గ్లాసు లాక్కునేదే.”

మంచి మనిషే. గొంతులో నిజంగానే బాధ ఉంది. మాట్లాడుతూ కళ్లజోడు తీసి రెండుసార్లు తుడుచుకున్నాడు. బస్సుకు వేళైందని గుడ్డ చుట్టుకుని వెళ్లిపోయాడు. చుక్క మాత్రం సుంకమ్మ కళ్లలో మిగిలిపోయింది.

మఠానికి రాగానే కొత్త తాడు మెడలోంచి కూడా తియ్యకుండా బావి దగ్గరకు పోయింది. గట్టురాతి మీద పైనుంచి కిందికి వేలు పెట్టి ఎంచింది. ముద్దయ్య తాత కొట్టినవి అన్ని వరసలూ ఆరేసి గాట్లు. వాటి కింద అవ్వ కొట్టినవి ఏడేసి. అవ్వకు నడుము వంగాక సుంకమ్మ కొట్టినవి ఎనిమిదేసి.

ఆరు. ఏడు. ఎనిమిది.

రాతికి అన్నిటికన్నా పైన, చుట్టూ సున్నా చుట్టి, పది గాట్లు వేరేగా ఉన్నాయి. అది బావి అడుగు. తవ్విన ఏడు, నీళ్లు పడకముందు ముద్దయ్య తాత తానే తాడు వదిలి కొలిచి కొట్టినవి. ఆ సంగతి మఠంలో అందరికీ తెలుసు.

అడుగు పది. నీళ్లు ఎనిమిదికి దిగాయి. మిగిలింది రెండు బారలు.

సుంకమ్మ గట్టు మీద కూర్చుండిపోయింది.

ఆరోజు నుంచి ఆమెకు చేతిలో పని చేతిలో నిలవలేదు. చారు పొయ్యి మీద పెట్టి బావికి పోయేది. బావిలోకి తొంగిచూసి వంటింట్లోకి వచ్చేది. వంటింటి గోడ మీద బొగ్గుతో తనూ రెండు గీతలు గీసింది. మనిషి గీత, నీళ్ల గీత. ఇరవయ్యేళ్లకొక బార చొప్పున దిగితే మిగిలిన రెండు బారలూ నలభయ్యేళ్లు వస్తాయి. అమ్మయ్య, నలభయ్యేళ్లు ఉన్నాయి కదా అని ఒక పూట ఊరట. మళ్లీ, ఎక్కువమంది తాగితే? అని ఒక పూట దిగులు. ఎవరైనా రెండు చెంబులతో కాళ్లు కడుక్కుంటే ఆమెకు ఒళ్లు మండేది. నోరు తెరిచి అనలేదు. ఆమెకు ఎవరినీ ఏమీ అనే అలవాటు లేదు. రాత్రి కలలో కూడా చెంబులే.

అట్లాంటి రోజుల్లో వాళ్లు వచ్చారు.

గుట్టకు ఆవలి పక్క రాళ్ల క్వారీ మూసేశారు. అక్కడ కంకర కొట్టే ఎనిమిది కుటుంబాల్ని గుడిసెలు పీక్కుని పొమ్మన్నారు. ముప్పై అయిదుమంది. మఠం నేల చివర టార్పాలిన్ పట్టలు కట్టుకుని దిగారు. వాళ్లకు పెద్దదిక్కు ఉరుకుందమ్మ. ఆరడుగుల మనిషి. నవ్వితే ఆ నవ్వు గుట్టకు తగిలి తిరిగొచ్చేది. ఆమె వచ్చి అవ్వ కాళ్ల దగ్గర కూర్చుంది.

“అవ్వా, పోను చోటు లేదు. నీ గుట్టకింద పడుంటాం. కూలికి యాడికైనా పోతాం. సందకాడ వచ్చి తల దాచుకోను జాగా, తాగను నీళ్లు. అంతే.”

“ఇయ్యకపోతే?” అంది అవ్వ.

“ఇయ్యకపోతే ఇటుకబట్టీ మేస్త్రి లారీ తెస్తానన్నాడు, ఎల్లుండి పొద్దున. బట్టీ యాడుందో దేవునికి తెలుసు. రెండు దినాల దోవంట. నా కోడలికి ఎనిమిదో నెల.” ఆమె గొంతు కొంచెం తగ్గింది. “లారీలో ఆ కుదుపుకు ఏమైతాదో అని.”

అవ్వకు డెబ్భై దాటాయి. మాటలు బహు తక్కువ.

“జాగాకేం. జాగా ఉంది. నీళ్ల సంగతి సుంకమ్మనడుగు. బావి దాని చేతిలో ఉంది. అది చెప్పినట్టే.”

ఉరుకుందమ్మ తిరిగి సుంకమ్మ వైపు చూసింది. వెనకాల కోడలు నిలబడి ఉంది, రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుని. సుంకమ్మ ఆ కడుపు వైపు చూసింది. చూడగానే ముప్పై ఆరు అనుకుంది. అట్లా ఎంచినందుకు ఆమెకే సిగ్గేసింది. అయినా లెక్క ఆగలేదు. ఏడుగురు తాగితే నలభయ్యేళ్లు. వీళ్లూ కలిస్తే ఆరింతలు. ఆరింతలమంది తాగితే ఆరేడేళ్లు. పెద్దమనిషి చెప్పిన తొమ్మిదేళ్లు కూడా పట్టవు.

“ఎల్లుండి పొద్దున చెప్తా,” అంది. ఆ మాట ఆమెకే వినపడలేదు.

“ఏందక్కా?”

“ఎల్లుండి పొద్దున.”

మర్నాడు పొద్దున్నుంచే సుంకమ్మ బావి దగ్గర కాపలా కాసినట్టు నిలబడింది. ఉరుకుందమ్మ వాళ్లు బిందెలతో వచ్చారు. ఒకటి, రెండు, అయిదు, తొమ్మిది. సుంకమ్మ పెదాలు కదులుతున్నాయి.

“ఏమక్కా, జపమా?” అంది ఉరుకుందమ్మ చేదుతూనే.

“జపం కాదత్తా, మన బిందెలు ఎంచుతాంది,” అంది వెనక నుంచి కోడలు.

“ఎంచనీలే. బావి ఆమెది. మన పెండ్లప్పుడు కూడా ఇంత బాగా ఎవరూ మనల్ని చూసింది లేదు.” అందరూ నవ్వారు. సుంకమ్మకు చెవులు వేడెక్కాయి.

పన్నెండో బిందె నిండేసరికి ఇక ఉండబట్టలేదు. వాళ్లు పోగానే గిలక నుంచి చేంతాడు విప్పి, చుట్ట చుట్టి, వంటింట్లో గాదె వెనక పెట్టేసింది. ఎవరో ఆడమనిషి వచ్చి తాడేదని అడిగితే, “పీచు లేచిపోయింది. బాగుచెయ్యాల,” అంది. కొత్త తాడు కూడా అక్కడే ఉంది. సుంకమ్మ తన జన్మలో ఆడిన పెద్ద అబద్ధం అదేనేమో. పొయ్యి ముందు కూర్చుని పుల్లలు ఎగదోస్తోంది గానీ మంట వైపు చూడటం లేదు.

మిట్టమధ్యాహ్నం బావిలో ఠంగుమని శబ్దమైంది.

కిటికీలోంచి చూసింది. ముగ్గురు ఆడవాళ్లు లంగాల మీద తుండ్లు కప్పుకుని బావిగట్టు దగ్గర నిలబడ్డారు. వాళ్ల చీరలు మూడూ కొసకు కొస ముడివేసి, చివర బిందె కట్టి లోపలికి వదులుతున్నారు. ఎర్రచీర, పచ్చచీర, వెలిసిపోయిన పూలచీర. బిందె రాళ్లకు కొట్టుకుంటూ దిగుతోంది. పైకి లాగితే చీర నిండా నీళ్లే, బిందెలో సగం.

ఉరుకుందమ్మ కిటికీలో మనిషిని చూసింది. కోపం లేదు.

“నిదానంగానే బాగుచెయ్యి అక్కా. నీ తాడు అయ్యేదాకా మా చీరలుండాయిలే.”

సుంకమ్మ కిటికీ దగ్గర నుంచి పక్కకు జరిగింది. గోడకు ఆనుకుంటే బొగ్గు గీతలు రవిక వెనక అంటుకున్నాయి.

అరుగు మీద కూర్చున్న అవ్వ అదంతా చూసింది. దీపాలు పెట్టే వేళకు కర్ర పొడుచుకుంటూ వంటింట్లోకి వచ్చింది. అవ్వ వంటింట్లోకి వచ్చి ఏడాది దాటింది.

“ఏమ్మే, నీ కడుపులో ఏముంది?”

అంతే. సుంకమ్మ నోట పదిరోజులుగా ఆగిన మాటలన్నీ ఒక్కసారి వచ్చేశాయి. పెద్దమనిషి, గుడ్డ, ఎర్రగీత, నీలంగీత, ఆరు, ఏడు, ఎనిమిది, అడుగు పది, ఆరింతలు, ఆరేడేళ్లు. గోడ మీద వేలు పెట్టి ఒక్కొక్కటీ చూపించింది. అవ్వకు చదువు రాదు. గోడ దగ్గరకు మొహం పెట్టి చూసింది.

“ఈ నల్లచుక్క ఏంది?”

“అక్కడ అయిపోతామవ్వా.”

“ఎవురు?”

“అందరం.”

“ఊఁ,” అంది అవ్వ. పొయ్యి పక్కన పీట లాక్కుని కూర్చుంది. “నాకు పన్నెండేళ్లప్పుడు అష్టగ్రహ కూటమి అన్నారు. ఎనిమిది గ్రహాలు ఒకచోట చేరతాయి, ఆ పొద్దుతో లోకం మునిగిపోతాదన్నారు. చెప్పినోళ్లు చిన్నోళ్లు కాదు. మా ఊర్లో ఇంక దేనికి దాచుకోవాలని ఉన్న మేకలన్నీ కోసుకుని తినేసినారు. మా నాయన కూడా. పాలిచ్చే మేకను. తెల్లారి లేచి చూస్తే లోకం ఉంది. మేకలే లేవు.”

సుంకమ్మకు నవ్వు రాలేదు.

“అది జోస్యమవ్వా. ఇది లెక్క. ఆ రాతి మీద తాత కొట్టిన గాట్లున్నాయి. నువ్వు కొట్టినవి ఉన్నాయి. ఇందులో అబద్ధం యాడుంది చెప్పు.”

“నాకు లెక్కలు యాడొస్తాయే,” అంది అవ్వ. “పో. నా గదిలో ఇనప్పెట్టె తెరిచి తాత అంగీ తీసుకురా.”

ముద్దయ్య తాత అంగీ గురుపూజనాడు తప్ప పెట్టెలోంచి తియ్యరు. ఆ రోజు కూడా మడత విప్పరు. అందరూ వరసగా వచ్చి కళ్లకద్దుకుని పోతారు. సుంకమ్మ చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, దాన్ని రెండు చేతుల మీద పెట్టుకుని తెచ్చింది. కళ్లకద్దుకోబోయింది.

“తొడుక్కో,” అంది అవ్వ.

“ఏందవ్వా?”

“తొడుక్కోమంటాండా.”

“తాత అంగీ నేనా? అపచారం కాదా?”

“అపచారమైతే నాకు తగులుతాదిలే. తొడుక్కో.”

సుంకమ్మ మడత విప్పింది. ముతక గుడ్డ, కర్పూరం వాసన. తల దూర్చింది. దూర్చాక తల ఎక్కడ బయటకు రావాలో తెలియలేదు. అవ్వే లేచి మెడ దగ్గర సర్దింది. అంగీ కింది అంచు సుంకమ్మ మడమలు దాటి నేలకు తగిలింది.

“బావి కొలిచేటట్టు చేతులు చాపు.”

సుంకమ్మ చేతులు బారచాపింది.

దీపం వెలుగులో తన కుడిచెయ్యి వైపు చూసింది. చెయ్యి కనపడలేదు. వేళ్లకొస ఎక్కడో గుడ్డలోనే ఆగిపోయింది. ఆ పైన బెత్తెడు ఖాళీ గుడ్డ వంగి వేలాడుతోంది. ఎడమవైపు చూసింది. అటూ అంతే.

అంగీ చెయ్యి మణికట్టు దాకానే కదా ఉండేది. ఆయన అరచెయ్యి, ఆయన వేళ్లు ఇంకా ఆ అవతల.

ఆమె చాపిన చేతులు చాపినట్టే ఉంచి గోడ వైపు తిరిగింది. ఆరు, ఏడు, ఎనిమిది. అవ్వ వైపు చూసింది. అవ్వ మరీ పొడుగూ కాదు, పొట్టీ కాదు. వయసులో ఉన్నప్పుడు నిటారుగా ఉండి ఉంటుంది.

“అడుగు పది అన్నది ఎవురు?” అంది అవ్వ.

“తాత.”

“నీళ్లు ఎనిమిది అన్నది?”

సుంకమ్మ చేతులు మెల్లగా దించింది. ఖాళీ గుడ్డ ముందు దిగింది, చేతులు తరువాత దిగాయి.

“బావి దిగలేదే పిచ్చిదానా,” అంది అవ్వ. “కొలిచేవాళ్లం పొట్టైతిమి.”

అవ్వ ముసిముసిగా నవ్వుతోంది. సుంకమ్మకు ఏడుపు వస్తోందో నవ్వు వస్తోందో తెలియలేదు.

“నీకు ముందే తెలుసునా?”

“నాకు మొదటిసారి ఏడు వచ్చినరోజు మూడు దినాలు అన్నం సయించలేదు. ఈ అంగీ ఉతికి తీగ మీద ఆరేసిన పొద్దు తిన్నా.”

“అట్లయితే ఆ పెద్దమనిషి చెప్పింది అబద్ధమా అవ్వా?”

“నాకేం తెలుసు. ఆయన ఏ బారతో కొలిచినాడో అడిగినావా?”

“లేదు.”

“అడగాల్సింది.”

సుంకమ్మ అంగీ విప్పింది. మడత పెడుతుంటే మళ్లీ లోపల ఏదో గీరింది. ఇన్నాళ్ల భయం ఒక్క మాటతో పోతుందా? మడత ఆపి అడిగింది.

“మరి నిజంగానే ఎండితే?”

“ఎండిననాడు అందరం కూర్చుని ఆలోచిద్దాం,” అంది అవ్వ కర్ర అందుకుంటూ. “ఇప్పుడు నువ్వొక్కదానివే కూర్చుని ఏడుస్తాండావు.”

గడప దగ్గర ఆగింది. వెనక్కి తిరగలేదు.

“లారీ ఎప్పుడొస్తాదన్నారు?”

“పొద్దున్నే.”

“నాకు అన్నంలోకి మజ్జిగ చాలు,” అని అవ్వ వెళ్లిపోయింది. ఉండమనమని గానీ, పొమ్మనమని గానీ ఒక్క మాట అనలేదు.

సుంకమ్మకు మనసు కుదుట పడిందా అంటే, పడలేదు. పెద్దమనిషి గీసిన గీతలు తప్పో ఒప్పో ఆమెకు ఆ రోజూ తెలియదు, ఇప్పటికీ తెలియదు. తను గీసినవి తప్పని మాత్రం తెలిసింది. తడిగుడ్డ తీసుకుని గోడ తుడిచింది. బొగ్గు పూర్తిగా పోలేదు. పోయినంత పోయింది.

తెల్లవారుజామున, ఎవరూ లేవకముందే బావి దగ్గరకు పోయింది. కొత్త తాడును పాత చేంతాడుకు ముడివేసింది. కొసకు రాయి కట్టి వదిలింది. రాయి నీళ్లలో మునిగింది. తాడు ఇంకా పోతోంది. పోతోంది. పోయి పోయి, ఒక్కసారి చేతిలో వదులైంది. పదహారేళ్లలో ఆమె బావి అడుగు తాకడం అదే మొదలు. గట్టు దగ్గర ముడివేసి, పైకి లాగి, తన పొట్టి చేతులు చాపి కొలిచింది. పదమూడు బారలు, ఇంకో మూరెడు.

రెండోసారి కొలిచింది. అంతే వచ్చింది. ఎనిమిది పోగా అయిదు బారలకు పైమాట.

చేంతాడును గిలక మీద వేసింది. వంటింట్లోకి పోయి ముగ్గుపిండి గంప నెత్తికెత్తుకుని పట్టల వైపు నడిచింది.

అప్పటికే లారీ వచ్చి రోడ్డు పక్కన ఆగి ఉంది. పట్టలు సగం విప్పేశారు. సుత్తులు, గంపలు, సత్తు గిన్నెలు మూటలు కట్టి ఉన్నాయి. కోడలు ఒక మూట మీద కూర్చుని ఉంది. ఉరుకుందమ్మ సుంకమ్మను చూసి చేతిలో ఉన్న గునపం నేలకు ఆనించి నిలబడింది. నిన్నటి నవ్వు లేదు.

సుంకమ్మ ఏదో చెప్పాలనుకుంది. దోవ పొడుగునా కూర్చుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు.

“మూటలు విప్పండి,” అంది.

“ఏందక్కా?”

“తాడు నేను దాచిపెట్టినా. బాగాలేక కాదు.”

“తెలుసులే,” అంది ఉరుకుందమ్మ.

“ముగ్గు పోద్దాం, రా. ఒక్కో ఇంటికి పన్నెండు అడుగులు పొడుగు, పది అడుగులు వెడల్పు.”

ఉరుకుందమ్మ ఆమెను పైనుంచి కిందిదాకా చూసింది. కాళ్ల వైపు చూసింది. పెదవి కొస కొంచెం కదిలింది.

“అడుగులంటే ఎవరివక్కా? నీవైతే మాత్రం నా కోడలు కాళ్లు చాపుకోను కూడా చాలదు.”

మూట మీద కూర్చున్న కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రోడ్డు మీద లారీవాడు హారన్ కొట్టాడు. మళ్లీ కొట్టాడు.

“మీ ఇల్లు,” అంది సుంకమ్మ. “మీ అడుగులే. నువ్వు నడువు.”

ఉరుకుందమ్మ గునపం పక్కన పడేసి, చీర కొంచెం ఎగ్గట్టి, తూర్పు మూల నుంచి పెద్ద పెద్ద అంగలేసింది. సుంకమ్మ వంగి, ఆమె కాళ్ల వెనకే ముగ్గు పోసుకుంటూ పోయింది.